మిరప నారు మొలుస్తోంది, నాలుగో ఆకు రాకుండానే పడిపోతోంది (పాలకొల్లు)

పాలకొల్లు డాబా

అందరికీ నమస్కారమండీ. మాది పాలకొల్లు, అద్దె ఇల్లు. ఇంటివాళ్లు పై డాబా మీద మొక్కలు పెట్టుకోమన్నారు. బెండ, గోంగూర, వంగ వేశాను, వాటితో ఏ ఇబ్బందీ లేదు. మిరప దగ్గరికి వచ్చేసరికే టెన్షన్.

విత్తనాలు రెండు రకాలు. ఒకటి షాపులో కొన్న పూసా జ్వాల ప్యాకెట్, గింజలకి గులాబీ రంగు పూత ఉంది. రెండోది మా అమ్మమ్మగారి పెరట్లో కాసిన ఎండుమిర్చిలోంచి తీసిన గింజలు. ఆ కాయ పొట్టిగా ఉంటుంది, కారం మాత్రం బాగా ఎక్కువ. పప్పుచారులో ఒక్కటి వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఆ విత్తనం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలు మా వీధిలో ఊరికే ఇస్తారు. రెండు తెచ్చి, మావారు పొలం నుంచి తెచ్చిన నల్లమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపి, గింజలు చల్లాను. రెండు రకాలూ వారం పది రోజుల్లో బ్రహ్మాండంగా మొలిచాయి. ఆ తర్వాత నుంచే గొడవ. పొద్దున్నే వెళ్లి చూస్తే ఒక మూల మొక్కలన్నీ పక్కకి వాలిపోయి ఉంటున్నాయి. మర్నాటికి వాటి పక్కవి. నీళ్లు చాలట్లేదేమోనని సాయంత్రం కూడా పోస్తున్నాను. బోరు నీళ్లేనండీ, తాగడానికి పనికిరావు గానీ వాడకానికి మాకు అవే.

విత్తనం లోపమా, మట్టిలో పురుగు ఉందా? మందేమైనా వెయ్యాలా? అసలు మన వైపు మిరప నారు ఎప్పుడు పోస్తారు? దయచేసి వీడియో లింకులు పెట్టకండి. అందులో అందరిదీ ఎర్రమట్టే.

తణుకు టెర్రస్

నారుకుళ్లు అంటారండీ దీన్ని. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్లకి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఎరువుల కొట్లో అడిగితే ఇస్తారు. ఆ విత్తనం కూడా పారేసి కొత్తది కొనుక్కోండి, రిస్క్ ఎందుకు.

రాజోలు అత్తయ్య

విత్తనం ఎందుకు పారేయాలండీ? మొలిచిందంటే విత్తనం తన పని తను చేసినట్టే. మిరపకి నూటికి 60 మొలిస్తే మంచి విత్తనమని ప్రభుత్వ ప్రమాణమే చెబుతోంది. ఈ అమ్మాయికి రెండు రకాలూ బాగా మొలిచాయి. కొన్న గింజా అమ్మమ్మ గింజా ఒకేలా పడిపోతున్నాయంటే తప్పు గింజది కాదు, కింద ఉన్నదాన్ని చూడాలి.

అమ్మాయీ, పడిపోయిన మొక్క ఒకటి మెల్లగా పీకి అరచేతిలో పెట్టుకో. ఆకులు రెండూ ఇంకా పచ్చగానే ఉంటాయి. కాడ పైభాగం గట్టిగానే ఉంటుంది. సరిగ్గా మట్టిని తాకే చోట మాత్రం, అర సెంటీమీటరు మేర, నీళ్లు పట్టినట్టు మెత్తబడి, గోధుమరంగు తిరిగి, దారమంత సన్నబడి ఉంటుంది. అక్కడ వేళ్లతో నొక్కితే పై తోలు జారిపోతుంది. అలా ఉంటే తణుకువారు చెప్పింది నిజమే, అది నారుకుళ్లు. అలా కాకుండా కాడ కత్తిరించినట్టు తెగి ఉంటే కీచురాయో నత్తో చేసిన పని. దానికి మందు కాదు, రాత్రిపూట సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వెళ్లి చూసుకోవాలి.

నారుకుళ్లు తెచ్చేది పిథియం లాంటి బూజులు. వాటి బీజాలు నీటిలో ఈదుకుంటూ పోతాయి. అందుకే ఒక మూల మొదలై పక్కపక్కకి పాకుతుంది. నువ్వు సాయంత్రం పోసే నీళ్లు రాత్రంతా వాటికి కాలువ తవ్వి ఇచ్చినట్టే. మన మట్టి సంగతి తెలిసిందే కదా, వరికి అమృతం, మిరప నారుకి మాత్రం ఊపిరాడనివ్వదు. పైన ఎండి పెచ్చు కట్టినట్టు కనబడుతుంది, లోపల వేలు పెడితే బంక. మొక్క వాలింది కదా అని చూసినవాళ్లు ఇంకో చెంబు పోస్తారు.

మందు కంటే ముందు చెయ్యాల్సిన పనులు ఉన్నాయి. ఆ నల్లమట్టి తీసెయ్. నారుకి మట్టే అక్కర్లేదు. నేను రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు గోదావరి ఇసుక కలుపుతాను. కొబ్బరి పొట్టు మన దగ్గర దొరకనిదేం కాదు. కానీ తెచ్చిందాన్ని తెచ్చినట్టు వాడకూడదు, దాంట్లో ఉప్పు ఉంటుంది. మంచినీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి, గోధుమరంగు నీళ్లు తేటపడేదాకా కడగాలి. ఇసుక నది ఇసుకే కావాలి. అంతర్వేది వెళ్లినప్పుడు సంచిలో తెచ్చుకున్న సముద్రపు ఇసుక కలిపిన మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు. చివికిన పశువుల ఎరువు పెద్ద మొక్కకి మంచిదే గానీ, సగం చివికింది నారులో కలిపితే కుళ్లు తెచ్చి పెట్టుకున్నట్టే.

థర్మోకోల్ పెట్టె మంచిదే, అడుగున చిల్లులు పెట్టావో లేదో రాయలేదు. వేలు దూరేంత చిల్లులు, జానెడుకి ఒకటి ఉండాలి. పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టు, నీళ్లు కారి పోవాలి. నేనైతే కొబ్బరి చిప్పలు వాడతాను. మూడు కళ్లలో ఒకటి మెత్తగా ఉంటుంది కదా, దాన్ని మేకుతో పొడిస్తే చిల్లు సిద్ధం. చిప్పకి రెండు గింజలు. ఒక చిప్పలో మొక్క కుళ్లినా పక్క చిప్పకి పాకదు. పెట్టెలోనే పోస్తానంటే చల్లకు. వేలితో గీతలు గీసి, గింజకీ గింజకీ రెండు వేళ్ల ఎడం ఇచ్చి, అర సెంటీమీటరు లోతున వెయ్యి. ఒత్తు నారులో గాలి ఆడదు.

ఇప్పుడు నీళ్లు. ఇది అందరూ వదిలేసే సంగతి. బోరు నీళ్లు తాగడానికి పనికిరావు అని నువ్వే రాశావు. మరి మొక్క తాగేదీ అవే కదా. పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు బోర్లు చాలావాటికి ఉప్పు తగులుతుంది, చుట్టుపక్కల రొయ్యల చెరువులుంటే ఇంకా. వంగ కాస్త ఓర్చుకుంటుంది. మిరప సుకుమారం, మట్టిలో ఉప్పు కొలత, అదే ఈసీ అంటారు, 1.5 దాటిన దగ్గర్నుంచి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. లేత నారు అంత కూడా తట్టుకోదు. కొలవడానికి మీటరు కొనక్కర్లేదు. నీ వంగ కుండీ అంచు చూడు, తెల్లగా పొడిపొడిగా పేరుకుని ఉంటే అదే ఉప్పు. నారు వరకు మున్సిపాలిటీ కుళాయి నీళ్లు పట్టి, బకెట్లో ఒక రాత్రి వదిలి వాడుకో. ఈ చిన్న పెట్టెలకి రోజుకి చెంబుడు చాలదూ? వాన నీళ్లు పడితే ఇంకేం కావాలి.

పొద్దున పోయి, సాయంత్రం వద్దు. పైన పొట్టు రంగు తేలి లేతగా కనబడితేనే పోయి. చిప్పలైతే పళ్లెంలో నీళ్లు పోసి అందులో కాసేపు పెట్టి తీసెయ్, కింద నుంచి పీల్చుకుంటుంది, కాడ తడవదు.

ట్రైకోడెర్మా విరిడి పొడి దొరికితే వర్మీకంపోస్టులో కలిపి, తడి చేసి, గోనె కప్పి వారం ఉంచి వాడు. అది బూజుని తినే మంచి బూజు. ఒక మాట, అది వేసినప్పుడు కాపర్ మందు పొయ్యకు, ఆ మందుకి మంచిదీ చెడ్డదీ తేడా తెలీదు. ఉన్న పెట్టెల్లో బతికినవాటిని కాపాడుకోవాలంటే మాత్రం తణుకువారు చెప్పిన కాపరే పోయి. పడిపోయినవాటిని చుట్టూ మట్టితో సహా తీసెయ్.

గులాబీ రంగు గింజల మాట మర్చిపోయాను. అది శిలీంధ్రనాశిని పూత. నానబెడితే పోతుంది, పొడిగానే వెయ్యి. పట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కో, చిన్నపిల్లలుంటే ప్యాకెట్ అందకుండా పెట్టు. అమ్మమ్మ గింజల్ని మాత్రం కొన్ని గంటలు నానబెట్టుకోవచ్చు.

లంక రైతు, ముక్తేశ్వరం

అక్కగారు నారు సంగతి పూర్తిగా చెప్పేశారు. నేను కాలం సంగతి చెబుతాను, ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు.

మా లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బల మీద, మిరప వరద మీద ఆధారం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, ఎగరేసే రోజులు అయిపోయాయని నమ్మకం కుదిరాకే నారు జోలికి వెళతాం. 2022 జూలైలో అయితే మూడో హెచ్చరిక కూడా దాటి వచ్చింది గోదావరి, లంకల్లో కూరగాయలన్నీ పోయాయి. నీరు తీశాక మిగిలే ఒండ్రు మీద మిరప వేస్తే ఎరువు పెద్దగా అడగదు. మీకు డాబా మీద వరద రాదనుకోండి. కానీ వాన అదే వాన. ఆషాఢ శ్రావణాల్లో పోసిన నారు సగం ముసురుకే పోతుంది.

మీలాంటి వాళ్లకి నేను చెప్పేది, వినాయక చవితి వెళ్లాక పోయండి. ముసురు పట్టినప్పుడు పెట్టెలు వసారాలోకి లాక్కోవచ్చు, అదే డాబాకి ఉన్న సుఖం. 35, 40 రోజుల నారు దీపావళి ముందు వెనకలుగా నాటుకోండి. ఆ రోజుల్లోనే తుఫానులు కూడా వస్తాయి కాబట్టి అల్పపీడనం అని టీవీలో చెబుతుంటే నాటడం ఆపండి, నారు నాలుగు రోజులు ముదిరితే మునిగిపోయేదేం లేదు. నాటబోయే ముందు కొంచెం బెట్ట పెట్టండి, కాడ గట్టిపడుతుంది. సాయంత్రం నాటండి. సంక్రాంతికి పచ్చికాయ చేతికొస్తుంది. చలి రోజుల్లో పూత నిలిచినంతగా ఇంకెప్పుడూ నిలవదు. ఏప్రిల్ తర్వాత పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. అప్పుడు ఏ టానిక్కులూ కొట్టి డబ్బు తగలేసుకోకండి, గ్రీన్ నెట్ కట్టి వాన కోసం చూడండి.

తల తుంచమని చాలామంది చెబుతారు. నేను తుంచను. మొదటి పూత వచ్చే కణుపు దగ్గర మిరప తనంతట తనే రెండుగా చీలుతుంది, ఆ కొమ్మలు మళ్లీ రెండేసి. దానికి మన గోరు అక్కర్లేదు.

ఇంటి వాడకానికి పూసా సదాబహార్ కూడా చూడండి. కాయలు గుత్తులుగా పైకి నిలబడతాయి, బాగా కారం, చెట్టు రెండు మూడేళ్లు ఉంటుంది. బజ్జీలకి మాత్రం పనికిరాదు. పచ్చికీ పండుకీ రెండిటికీ కావాలంటే గుంటూరు దగ్గర లాం ఫారం పరిశోధన కేంద్రం వాళ్ల రకం భాగ్యలక్ష్మి, జి-4 అంటారు, పాతదే అయినా మంచి రకం.

రాజోలు అత్తయ్య

కాలం గురించి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. తల తుంచడం దగ్గరే ఒప్పుకోను. నేలలో అక్కర్లేదు, నిజమే. కుండీలో, అదీ గోడ నీడ పడే డాబా మీద, మొక్క వెలుగు కోసం సన్నగా సాగుతుంది. అలాంటిదాన్ని ఆరేడు ఆకులప్పుడు ఒకసారి తుంచితే గుబురు కడుతుంది, గాలికి విరగదు. కాపు కొద్దిగా ఆలస్యమవుతుంది, అంతే.

పాలకొల్లు డాబా

అత్తయ్యగారూ, బాబాయ్‌గారూ, చాలా థాంక్సండీ. కాడ మీరు చెప్పినట్టే ఉంది, మట్టి దగ్గర మెత్తబడి. వంగ కుండీ అంచున తెల్లగా ఉంది, నేను అది సున్నం అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. కొబ్బరి పొట్టు కడిగి ఆరబెట్టాను. చిప్పలు కూడా పోగేస్తున్నాను, మా వీధిలో కొబ్బరికాయ కొట్టినవాళ్లింటికల్లా వెళ్లి అడుగుతున్నాను.

ఇంకో రెండు సందేహాలు. పోయిన ఏడాది నర్సరీలో కొన్న మిరప మొక్క ఒకటి ఇంకా ఉంది. దాని కొత్త ఆకులు ముడుచుకుపోతున్నాయి. ముడత వైరస్ అని, పీకెయ్యమని పక్కింటివాళ్లు అంటున్నారు. నిజమేనా? రెండోది, అమ్మమ్మ రకం వచ్చే ఏడాదికి గింజ కట్టుకోవాలంటే ఏం చెయ్యాలి? పక్కనే పూసా జ్వాల కూడా ఉంటుంది కదా.

రాజోలు అత్తయ్య

పీకే ముందు ముడత ఎటు ఉందో చూడు. ఆకు అంచులు పైకి లేచి దోనె కట్టినట్టు ఉంటే తామర పురుగు, దాన్ని పై ముడత అంటారు. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగి, ఆకు గరుకుబారి ఉంటే నల్లి, అది కింది ముడత. రెండూ మందుకి లొంగుతాయి.

కంటికి కనబడట్లేదని పురుగు లేదనుకోకు. తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టుకుని, కొసని రెండు మూడుసార్లు తట్టు. కాగితాన్ని వెలుతురులో కదలకుండా పట్టుకుని చూడు. ముందు దుమ్మే అనిపిస్తుంది. కాసేపటికి ఆ దుమ్ములో కొన్ని గీతలు నడవడం మొదలెడతాయి. పొడవు ఒక మిల్లీమీటరు, పసుపుపచ్చవి కొన్ని, ముదురువి కొన్ని. వేలితో రుద్దితే కాగితం మీద చార పడుతుంది. అవే తామర పురుగులు. పువ్వు కోసి విప్పి కూడా చూడు, లోపల ఉంటాయి. నల్లి ఇంకా చిన్నది, దానికి భూతద్దం కావాలి.

పై ముడతకి వేపనూనె, 1500 పీపీఎం రకం (అది అందులో వేప మందు ఎంత ఉందో చెప్పే అంకె), లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టు. పైపైన కొడితే దండగ. వారానికోసారి, కొత్త చిగురు చక్కగా వచ్చేదాకా. నీలం రంగు జిగురు అట్టలు కట్టు, తామర పురుగుకి నీలం, తెల్లదోమకి పసుపు. కింది ముడత అయితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. ఎండ మండుతున్నప్పుడు కొట్టకూడదు, వేపనూనె కొట్టాక రెండు వారాలు ఆగి కొట్టాలి, లేకపోతే ఆకు మాడుతుంది.

ఆకులు చిన్నవై, దళసరిగా మారి, మొక్క మొత్తం కురచబడి, మందు కొట్టినా చిగురు మారకపోతే అప్పుడది వైరస్. తెల్లదోమ తెస్తుంది. దానికి మందు లేదు. పక్కింటివాళ్ల మాట అప్పుడు విను.

లంక రైతు, ముక్తేశ్వరం

పువ్వులో చూడమన్నారు, అది మర్చిపోకండి. 2021లో వచ్చిన కొత్త రకం తామర పురుగు, నల్లగా ఉంటుంది, ఎక్కువగా పువ్వులోనే కూర్చుంటుంది. రాష్ట్రంలో మిరప రైతు ఆ ఏడాది ఏమైపోయాడో అందరూ చూశారు. గుంటూరు వైపు తోటలకి తోటలే దున్నేశారు. మా ఊళ్లో ఒకాయన వరసగా ఐదారు రకాల మందులు మార్చి మార్చి కొట్టాడు, కొట్టేకొద్దీ ఎక్కువైంది, ఎందుకంటే దాన్ని తినే పురుగులు ముందు చచ్చాయి. నాలుగు కుండీలకి ఆ గాఢమైన మందులు అసలే వద్దు. మీరు ఆ కాయే రేపు పప్పులో వేసుకోవాలి.

రాజోలు అత్తయ్య

గింజ సంగతి. మిరప పువ్వు తనలో తనే కాయ కట్టగలదు, కానీ తేనెటీగలు తిరిగితే పక్క రకంతో కలుస్తుంది. ఈ ఏడు కాసిన కాయలో తేడా తెలీదు, దాని గింజ మళ్లీ వేసినప్పుడు బయటపడుతుంది. కాబట్టి అమ్మమ్మ రకంలో బలమైన చెట్టు ఒకటి ఎంచి, విచ్చుకోని మొగ్గలున్న కొమ్మకి పల్చటి గుడ్డ సంచి తొడిగి మూతి కట్టు. పొద్దున్నపూట సంచి మీద మెల్లగా తట్టు, పుప్పొడి రాలుతుంది. పిందె పడ్డాక సంచి తీసేసి, ఆ కాయ తొడిమకి రంగు దారం కట్టు. లేకపోతే ఎవరో ఒకరు కోసి చారులో వేసేస్తారు.

కాయ చెట్టు మీదే పూర్తిగా పండి, ముడత పడే దాకా ఉంచు. మచ్చలున్న కాయ విత్తనానికి వద్దు, కాయకుళ్లు గింజతో కూడా వస్తుంది. నీడలో ఆరబెట్టు. గింజలు తీసే ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకో, కళ్లు నలుపుకోకు. గాజు సీసాలో అడుగున గుప్పెడు వేయించి చల్లార్చిన బియ్యం పోసి, పైన గింజల పొట్లం పెట్టి మూత బిగించు. మన గాలిలో తేమకి అదే మందు. రెండేళ్లు నిక్షేపంగా మొలుస్తాయి.

ఈ జాగ్రత్తంతా అమ్మమ్మ రకానికే. హైబ్రిడ్ కాయ గింజ తీసి వేస్తే పది మొక్కలు పది రకాలుగా కాస్తాయి.

పాలకొల్లు డాబా

దారం కట్టడం బాగుందండీ, మా ఇంట్లో అది చాలా అవసరం. చివరిగా ఒకటి. మా అత్తగారు చేపలు కడిగిన నీళ్లు మొక్కలకి బలం అని అన్ని కుండీలకీ పోస్తారు. నారు పెట్టెల్లో కూడా పోశారని నా అనుమానం. వద్దని చెబితే నొచ్చుకుంటారు. ఏం చెయ్యను?

రాజోలు అత్తయ్య

ఆవిడ చెప్పేది తప్పేం కాదు, మేమూ పోస్తాం. అయితే చేపని ఉప్పూ పసుపూ వేసి రుద్దాక వచ్చే నీళ్లు వేరు, మొదటి కడుగు నీళ్లు వేరు. మొదటి కడుగు పెద్ద మొక్కల మొదట్లో పోయనివ్వు, వంగకీ ఆనపకీ మంచిదే. ఉప్పు నీళ్లు ఏ కుండీకీ వద్దు, నారుకి రెండూ వద్దు. "నారు మీద పోస్తే పిల్లులు వచ్చి తవ్వేస్తున్నాయి అత్తయ్యా" అని చెప్పు. అబద్ధం కూడా కాదు, నిజంగానే తవ్వుతాయి. పెట్టెల మీద పాత దోమతెర ముక్క కట్టు.